బండి మన సొమ్ము, తాళం వాళ్ళ చేతిలో

మన ఇళ్ళలో ఇల్లు, భూమి, బంగారం తర్వాత ఎక్కువ డబ్బు పెట్టి కొనే వస్తువు మోటారు సైకిలు. ఒకప్పుడు ఆ స్థానంలో ఎద్దుల జత ఉండేది. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో నూటికి 21 ఇళ్ళలో స్కూటరో, మోటారు సైకిలో, మోపెడో ఉండేది. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దాదాపు సగం ఇళ్ళకు అది చేరింది. భూమి గానీ పక్కా ఇల్లు గానీ ఇంత వేగంగా పేదల ఇళ్ళకు చేరలేదు. అయినా స్త్రీల ఆస్తి హక్కు గురించి మనం పెట్టుకునే సమావేశాల్లో, వేసుకునే కరపత్రాల్లో ఈ ఆస్తి మాట ఎక్కడా కనిపించదు.

ఆస్తి అంటే మనకు వెంటనే భూమి గుర్తుకొస్తుంది. అందులో తప్పు లేదు. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చే సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చింది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ చట్టం ఉన్నా చెల్లెలి వాటా అన్న సంతకంతో కరిగిపోతూనే ఉందని మనకు తెలుసు. భూమి విషయంలో ఇంత పోరాడిన మనం, గడప ముందర నిలబెట్టిన బండి ఎవరి పేరు మీద ఉందో, దాని తాళం ఎవరి జేబులో ఉందో, అది చెడిపోతే ఎవరి చెయ్యి దాని మీద పడుతుందో ఎప్పుడైనా అడిగామా?

ఈ మూడు ప్రశ్నలనూ కడప జిల్లాలోని మూడు ఊళ్ళను ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ ఊరు, బట్టల వ్యాపారం ఊరు. జమ్మలమడుగు పెన్న ఒడ్డున, నల్లరేగడి శనగ చేల మధ్య, నేత మగ్గాల పల్లెల మధ్య ఉన్న ఊరు. ముద్దనూరు మీదుగా దక్షిణానికి పోతే వచ్చే పులివెందుల అరటి తోటల ఊరు, చీనీ తోటల ఊరు. ఈ మూడు ఊళ్ళ మధ్య రోజూ తిరిగే మోటారు సైకిళ్ళలో చాలా వాటి మీద స్త్రీ ఉంటుంది. కాకపోతే వెనక, ఒక పక్కకు తిరిగి, ఒడిలో బిడ్డనో సంచినో పట్టుకుని ఉంటుంది.

కొన్న డబ్బు ఎవరిది?

బండి కొనే డబ్బు ఇంటికి మూడు దారుల్లో వస్తుంది. మొదటిది కట్నం. ఇంత నగదు, ఇంత బంగారం, ఒక బండి అని మాట్లాడుకోవడం మన పెళ్ళిళ్ళలో ఎవరికీ వింతగా తోచదు. ఏ కంపెనీది, ఏ మోడలు, ఏ రంగు అన్నది కూడా పెళ్ళికొడుకే చెబుతాడు. బిల్లు పెళ్ళికూతురి తండ్రి కడతాడు. రిజిస్ట్రేషను అల్లుడి పేరు మీద జరుగుతుంది. ఆ బండి మీద ఆ పిల్ల ఎక్కేది వెనక సీటే. రెండవ దారి బంగారం. ప్రొద్దుటూరు లాంటి ఊళ్ళో బంగారం కొనడం ఎంత సులువో కుదువ పెట్టడమూ అంతే సులువు. మొదట కట్టాల్సిన సొమ్ము కోసం మెడలోంచి దిగిన గొలుసు మళ్ళీ మెడ దాకా రావడానికి ఏళ్ళు పట్టవచ్చు. మూడవది పొదుపు సంఘం లోను. సంఘంలో సభ్యురాలు ఆమె, అప్పు పత్రం మీద సంతకం ఆమెది, నెల నెలా కంతు కట్టకపోతే తోటి సభ్యుల ముందు తల దించుకునేది ఆమె. ఆ డబ్బుతో వచ్చిన బండి మాత్రం భర్త పేరు మీదో కొడుకు పేరు మీదో ఉంటుంది.

1982లో డ్వాక్రా మొదలైనప్పటి నుంచి స్త్రీల చేతికి అప్పు అందడం గురించి మనం చాలా రాశాం. ఆ అప్పుతో కొన్న వస్తువు ఎవరి ఆస్తిగా మారుతోందన్నది అంతగా పరిశీలించలేదు. అప్పు స్త్రీ పేరు మీద, ఆస్తి పురుషుడి పేరు మీద ఉండటాన్ని సాధికారత అని ఎలా అనగలం? ఆమె పేరు వాడుకుని అతనికి అప్పు ఇప్పించడమే అది.

కట్నంగా వచ్చిన బండి గురించి చట్టం ఏమంటుందో మన కార్యకర్తల్లో కూడా అందరికీ తెలియదు. 1961 వరకట్న నిషేధ చట్టం కట్నం తీసుకోవడం నేరమన్నంత దగ్గరే ఆగలేదు. దాని 6వ సెక్షను ప్రకారం కట్నం ఎవరు తీసుకున్నా దాన్ని ఆ స్త్రీకే అప్పజెప్పాలి. పెళ్ళికి ముందు తీసుకుంటే పెళ్ళయిన మూడు నెలల్లోగా, పెళ్ళి సమయంలో గానీ తర్వాత గానీ తీసుకుంటే తీసుకున్న మూడు నెలల్లోగా ఇవ్వాలి. అప్పటిదాకా అది అతని దగ్గర ఉన్నా ఆమె కోసం ఉన్నట్టే లెక్క. ఇవ్వకపోవడం విడిగా ఇంకొక నేరం. ఈ చట్టానికి మతం అడ్డం కాదు, హిందువులకైనా ముస్లింలకైనా క్రైస్తవులకైనా ఒకటే. ఇక స్త్రీధనం స్త్రీ సొంత ఆస్తి అనీ, భర్త చేతిలో ఉన్నంత మాత్రాన అది అతనిది అయిపోదనీ, తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం కేసు పెట్టవచ్చనీ 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుటుంబ సలహా కేంద్రాల్లో విడిపోయే జంటల సామాను జాబితా రాసేటప్పుడు బిందెలు, బీరువా, మంచం రాస్తాం. గడప బయట ఉన్న బండిని కూడా ఆ జాబితాలో పైన రాయాలి. షోరూము బిల్లు, డబ్బు కట్టిన రశీదు పుట్టింట్లో ఒక నకలు దాచమని పెళ్ళికి ముందే చెప్పాలి. ఇలా చెప్పడం కట్నాన్ని ఒప్పుకోవడం కాదు. పోయిన సొమ్ము ఎక్కడుందో గుర్తు పెట్టుకోవడం.

పేరు లేకపోతే ఏం పోతుంది?

“పేరు ఎవరిదైతే ఏముందమ్మా, ఇంట్లో బండే గదా” అని పెద్దవాళ్ళు అంటారు. పేరు లేకపోతే పోయేది మర్యాద ఒక్కటే కాదు, డబ్బు కూడా. బీమా విషయమే చూడండి. బండి యజమాని తానే నడుపుతూ ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా వికలాంగుడైనా 15 లక్షల రూపాయల బీమా వర్తించాలని 2018లో నియమం వచ్చింది. ఇది రిజిస్ట్రేషను పత్రంలో పేరు ఉన్న మనిషికే, ఆ మనిషికి లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. భర్త పేరు మీద ఉన్న బండిని నడుపుకుంటూ ఉద్యోగానికి వెళ్ళే అంగన్‌వాడీ కార్యకర్తకు గానీ, ఆశా కార్యకర్తకు గానీ యజమాని లెక్కన ఈ బీమా రాదు.

వెనక కూర్చునే మనిషి సంగతి మరీ అన్యాయం. తక్కువ డబ్బుతో పోతుందని చాలామంది కట్టేది థర్డ్ పార్టీ బీమా ఒక్కటే. ఆ పాలసీ కింద, డబ్బు ఇవ్వకుండా వెనక ఎక్కిన మనిషికి ఆ బండి బీమా కంపెనీ పరిహారం ఇవ్వనక్కర లేదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎదుటి వాహనానిది తప్పయితే ఆ వాహనం బీమా నుంచి అడగవచ్చు. బండి తానే జారి పడితే, నడిపేవాడిదే తప్పయితే, వెనక ఉన్నవాళ్ళ పరిస్థితి ఏమిటి? ప్యాకేజీ పాలసీలో వెనక కూర్చున్నవాళ్ళకూ రక్షణ ఉంటుందని బీమా నియంత్రణ సంస్థ 2009లో స్పష్టం చేసింది. మన ఊళ్ళలో వెనక కూర్చునేది ఎవరు? భార్య, తల్లి, చెల్లెలు. బీమా కాగితం తీసి ఏ పాలసీయో చూసే అలవాటు ఆ ముగ్గురిలో ఎవరికీ చేయించలేదు. ఇంట్లో హెల్మెట్ ఒక్కటే ఉంటే అది కూడా ఎవరి తల మీద ఉంటుందో చెప్పనక్కర లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ముందున్న తలకూ వెనకున్న తలకూ ఒకే నియమం పెట్టింది.

చీర కొంగు చక్రంలో చిక్కుకుని ప్రాణాలు పోవడం మనం వింటూనే ఉంటాం. పేపర్లో అది “విషాదం” అని వస్తుంది. నిజానికి వెనక చక్రానికి కనీసం సగం దాకా, బట్టలు చిక్కకుండా అడ్డు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 123వ నియమం చెబుతుంది. పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి పెడలు కూడా అందులోనే ఉన్నాయి. అందంగా కనిపించడం లేదని కుర్రవాళ్ళు ఆ అడ్డు విప్పించేస్తారు. విప్పించేవాడి బట్టలు చక్రంలో పడవు కాబట్టి అది అతనికి అనవసరపు ఇనుము. ఆమెకు అదే ప్రాణం.

ఇక భర్త చనిపోయినప్పుడు. ఫ్యాక్షను హత్యలతో, రైతుల ఆత్మహత్యలతో ఎందరో విధవలను చూసిన ప్రాంతం ఇది. మనిషి పోయాక బండిని మరిది తీసుకుపోవడం, అప్పులవాడు ఎత్తుకుపోవడం ఎవరూ అడ్డుకోరు. ఆమెకు నడపడం రాదు కదా, ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తుంది అంటారు. చట్టం వేరే మాట చెబుతుంది. యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలిపి బండిని మూడు నెలల దాకా వాడుకోవచ్చు. ఆలోగా ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. తన తర్వాత బండి ఎవరికి చెందాలో నామినీ పేరు రాసే వీలు కూడా 2021 నుంచి ఉంది. బ్యాంకు ఖాతాకు నామినీ రాయించే మన సంఘాలు బండికి కూడా రాయించవచ్చు.

పేరు ఒక్కటే ఉంటే?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పేరు ఆమెదై, తాళం అతని దగ్గరుంటే అది హక్కు కాదు, మెడకు చుట్టుకునే ఉరి. పేరు భార్యది, బండి ఎక్కడ తిరుగుతుందో ఆమెకు తెలియదు. హెల్మెట్ లేనందుకు, ముగ్గురు ఎక్కినందుకు వచ్చే చలానాలు ఆమె ఫోనుకు వస్తాయి. 18 ఏళ్ళు నిండని కొడుకు బండి తీసి ఎవరినైనా గుద్దితే, 2019లో చట్టంలో చేర్చిన 199-ఎ సెక్షను ప్రకారం తల్లిదండ్రులూ, బండి యజమానీ కూడా నేరస్థులవుతారు. మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా. తనకు తెలియకుండా జరిగిందనీ, తాను ఆపడానికి ప్రయత్నించాననీ నిరూపించుకోవాల్సిన భారం ఆమె మీదే పడుతుంది. అప్పు పత్రం మీద ఆమె పేరు, చలానా మీద ఆమె పేరు, కేసులో ఆమె పేరు, హ్యాండిలు మాత్రం అతని చేతిలో. పేరు మీద భూమి ఉండి పాసు పుస్తకం ఎక్కడుందో తెలియని స్త్రీకీ ఈమెకూ తేడా లేదు. అందుకే పేరు, తాళం, పనితనం మూడూ కలిసి రావాలి అంటున్నాం.

ఎక్కి చూడకుండానే కొనడం

కూరగాయలు కొనేటప్పుడు బెండకాయ తుంచి చూస్తాం. చీర కొనేటప్పుడు పోగు పట్టి చూస్తాం. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం. ఇంత పరీక్ష చేసే స్త్రీ అంతకు వందల రెట్లు ఖరీదైన బండిని రంగు చూసి కొనాల్సి వస్తోంది. షోరూములో టెస్టు రైడు అడిగితే తాళం పక్కనున్న మగవాడి చేతికి ఇస్తారు. అతను ఒక చుట్టు తిరిగి వచ్చి బాగుంది అంటాడు. అతని ఎత్తు వేరు, అతని కాళ్ళ పొడవు వేరు, అతని మణికట్టు బలం వేరు. అతనికి బాగున్న బండి ఆమెకు బాగుంటుందని ఎవరు చెప్పారు?

టెస్టు రైడు సరదా కోసం కాదు, కొనేవాళ్ళు చేయాల్సిన పరీక్ష. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయా? స్టాండు మీంచి ఒంటరిగా దించగలమా, మళ్ళీ నిలబెట్టగలమా? వెనక ఒక మనిషినీ, డిక్కీలో బరువునూ పెట్టుకుని ఎత్తు ఎక్కుతుందా? బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతోందా? ఇవి తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు. పాత బండి కొనేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. అమ్మేవాడు ముందే స్టార్టు చేసి వేడి చేసి ఉంచిన బండిని నమ్మకూడదు. చల్లగా ఉన్నప్పుడు మనం స్టార్టు చేయాలి. పొగ గొట్టంలోంచి నీలి పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలు కాలుతోందని అర్థం. గేరులో వేసి క్లచ్చి వదిలాక ఇంజను అరుపు పెరిగి బండి కదలకపోతే క్లచ్చి అరిగిపోయిందన్నమాట. తిన్నని రోడ్డు మీద హ్యాండిలు ఒక పక్కకు పోతుంటే ఎక్కడో పడిన బండి. ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఆర్సీలో ఉన్నవేనా చూడాలి. ఆర్సీలో ఫైనాన్సు కంపెనీ పేరు ఉంటే అప్పు తీరినట్టు కంపెనీ ఇచ్చే పత్రం, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వకూడదు. 29, 30 ఫారాల మీద సంతకాలు అయ్యాక, 14 రోజుల్లో అమ్మినవాళ్ళు, 30 రోజుల్లో కొన్నవాళ్ళు రవాణా శాఖకు తెలపాలి.

ఈ పరీక్ష చేయాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు లేని స్త్రీకి తాళం ఇవ్వకపోతే షోరూము వాళ్ళను తప్పు పట్టలేం. కాబట్టి మొదటి మెట్టు లైసెన్సే. దీనికి చదువు అర్హత అక్కర లేదు. ముందు లర్నింగు లైసెన్సు తీసుకోవాలి, నెల నిండాక నడిపి చూపించే పరీక్షకు వెళ్ళవచ్చు. ఇంకో సంగతి. చట్టంలో గేరు లేని బండికి వేరే, గేరు ఉన్న బండికి వేరే లైసెన్సు. ఆడవాళ్ళకు స్కూటీ చాలులే అని గేరు లేనిదే రాయిస్తారు. అప్పుడు ఇంట్లో ఉన్న గేరు బండి ఆమె నడిపితే నేరమవుతుంది. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వచ్చినా, ఇంట్లో మగవాళ్ళు లేకపోయినా, గడప ముందు బండి ఉండి కూడా లేనట్టే. కాబట్టి నేర్చుకునేటప్పుడే గేరు బండి నేర్చుకోవాలి, ఆ లైసెన్సే అడగాలి.

షెడ్డు గడప

పేరూ తాళమూ వచ్చాక మిగిలేది మెకానిక్కు షెడ్డు. మన ఊళ్ళలో స్త్రీ పాదం పడని చోట్లలో అదొకటి. బండి ఆగిపోతే స్త్రీ దూరంగా నిలబడి, తమ్ముడికి ఫోను చేసి, అతను వచ్చి మాట్లాడేదాకా ఎదురు చూస్తుంది. షెడ్డులో ఏం మార్చారో, పాత సామాను ఏమైందో, బిల్లు ఎందుకు అంతయిందో ఆమెకు తెలియదు. తెలియని మనిషి దగ్గర ఎంత చెప్పినా నడుస్తుంది. మెకానిక్కులంతా మోసగాళ్ళని అనడం లేదు. చాలామంది చిన్న వయసులోనే బడి మానేసి, జీతం లేకుండా ఏళ్ళ తరబడి పానాలు అందిస్తూ పని నేర్చుకున్న పేదపిల్లలే. ప్రశ్న ఏమిటంటే, అలాంటి కష్టంతోనైనా ఆ విద్య నేర్చుకునే దారి మగపిల్లవాడికి ఉంది, ఆడపిల్లకు లేదు.

ఇంటి దగ్గర చేసుకోదగ్గ పనులు కొన్ని ఉన్నాయి. వారానికొకసారి టైర్లలో గాలి చూడటం, ఆయిలు మట్టం చూడటం, చైను వదులైతే బిగించి నూనె వేయడం, ప్లగ్గు విప్పి మసి తుడవడం, బ్రేకు ఎంత దిగుతోందో చూసి బిగించడం. కుట్టు మిషనుకు దారం తెగితే, షటిలు పట్టేస్తే విప్పి బాగు చేసుకునే స్త్రీకి, మగ్గం అచ్చు సరిచేసే జమ్మలమడుగు పల్లెల నేత స్త్రీకి ఈ పని కష్టమా? యంత్రం అంటే ఆడవాళ్ళకు అర్థం కాదన్నది అబద్ధం. ఏ యంత్రం మీద కూలి ఎక్కువ గిట్టుతుందో ఆ యంత్రానికి ఆడవాళ్ళను దూరంగా పెట్టారన్నది నిజం.

ఈ రంగంలో ఇప్పుడొక మార్పు వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నీ బి.ఎస్.6 ప్రమాణాలకు మారాయి. చాలా వాటిలో కార్బురేటరు పోయి, పెట్రోలును లెక్కగా చిమ్మే ఇంజక్షను పద్ధతి వచ్చింది, సెన్సర్లు వచ్చాయి. కరెంటు బండ్లు వస్తున్నాయి. చెవితో విని చేత్తో సరిచేసిన పాత మెకానిక్కులు కూడా మళ్ళీ నేర్చుకోవాల్సి వస్తోంది. అందరూ కొత్తగా మొదలుపెడుతున్న చోట ఆడపిల్ల వెనకబడి ఉండాల్సిన అవసరం లేదు. బరువులు ఎత్తే పని తగ్గి, వైర్లు చదివే పని పెరిగింది. పులివెందులలో 2006 నుంచి జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కాలేజీ ఉంది. ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడి అమ్మాయిలు ఇంజను ఎలా పనిచేస్తుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. అదే ఇంజను ఊళ్ళో షెడ్డులో విప్పి ఉంటే దగ్గరికి పోయి చూసే స్వేచ్ఛ వాళ్ళకు లేదు. ఐ.టి.ఐ.లలో ఆడపిల్లలను కుట్టు పనికీ కంప్యూటరుకీ పంపి ఊరుకోకుండా, మెకానిక్కు ట్రేడు ఫారం వాళ్ళ చేతికి ఇవ్వాలని మనం అడగాలి.

వచ్చే అభ్యంతరాలు

ఇది ఫ్యాక్షను ప్రాంతం, ఆడపిల్ల ఒంటరిగా బండి మీద పోతే ఎట్లా అంటారు. జమ్మలమడుగు, పులివెందుల పేర్లు చెబితే బయటివాళ్ళకు బాంబులే గుర్తుకొస్తాయి. ఆ హింస ఆడవాళ్ళు రోడ్డు మీదికి వచ్చినందువల్ల పుట్టలేదు. రోడ్డు మీద మగవాళ్ళు మాత్రమే ఉన్న కాలంలోనే అది పెరిగింది. సందులూ దారులూ స్త్రీలతో నిండితే అవి ఇంకా భయంకరంగా మారవు. భద్రత పేరుతో ఆమెను ఇంట్లో ఉంచేవాళ్ళు, ఇంట్లో ఆమెకు ఎంత భద్రత ఉందో కూడా చెప్పాలి. గృహహింస నుంచి బయటపడటానికి పుట్టింటికో, పోలీసు స్టేషనుకో పోవాలన్నా ఆమె ఎవరో ఒకరి బండి వెనక ఎక్కాల్సిందే. ఆ ఎవరో ఒకరు చాలాసార్లు ఆమెను కొట్టినవాడే.

ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది కదా అని కొందరు అంటారు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం మంచిదే, దాన్ని నిలుపుకోవాలి. బస్సు రోడ్డు దాకా వస్తుంది, చేను దాకా రాదు. తెల్లవారుజామున అరటి తోటలో గెలల కోతకు పోయే కూలీకి, మూడు ఊళ్ళ గర్భిణులను చూసి రావాల్సిన ఏ.ఎన్.ఎం.కు, పొద్దుగుంకాక ప్రొద్దుటూరు అంగట్లో పని ముగించుకునే సేల్సు పిల్లకు బస్సు వేళలు సరిపోవు. బస్సు ఒక హక్కు, బండి ఇంకొక హక్కు. ఒకటి చూపించి రెండోది కాదనడం సరికాదు.

కూలి గిట్టని దళిత స్త్రీలకు, వేతనం పెంచమని అడుగుతున్న ఆశా కార్యకర్తలకు ఈ బండి మాటలు దేనికి, ఇవి మధ్యతరగతి ముచ్చట్లు అనే విమర్శ మనలోనే ఉంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ బండి ఇప్పుడు ఆ ఇళ్ళలో కూడా ఉంది, ఆ స్త్రీల అప్పుతోనే ఉంది. కూలీలను ఆటోలో కుక్కి తీసుకుపోయే మేస్త్రీ చెప్పిన చోటికే, చెప్పిన కూలికే పోవాల్సి రావడానికి ఒక కారణం సొంతంగా పోలేకపోవడమే. నలుగురు కూలీలు రెండు బండ్ల మీద తామే పోగలిగితే, ఏ తోటలో కూలి ఎక్కువ ఇస్తున్నారో అక్కడికి పోగలుగుతారు. రవాణా కూలి బేరంలో భాగం.

ఇంకోవైపు కంపెనీలు ఉన్నాయి. 1994లో స్కూటీ, 2001లో ఆక్టివా, 2005లో ప్లెజరు వచ్చాయి. స్కూటీ, ప్లెజరు ప్రకటనల నిండా నవ్వుతూ ఎగిరే అమ్మాయిలే. మార్కెట్టుకు మనం ఖాతాదారులం. లేత రంగులో ఒక బండి చేసి అమ్మితే వాళ్ళ పని అయిపోయింది. దాని మీద పేరు, తాళం, పనితనం ఎవరి దగ్గర ఉన్నాయన్నది వాళ్ళకు పట్టదు. పట్టాల్సింది మనకు. స్త్రీల కదలికను మార్కెట్టుకు వదిలేస్తే డబ్బున్నవాళ్ళే కదులుతారు.

దారి కొత్తదేమీ కాదు

తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం, కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహంతో, పల్లె స్త్రీలకు సైకిలు నేర్పడాన్ని తన పనిగా పెట్టుకుంది. క్వారీల్లో రాళ్ళు కొట్టే స్త్రీలు, పొలం కూలీలు, బడి టీచర్లు వేల మంది సైకిలెక్కారు. నవ్వినవాళ్ళు, పాటలు కట్టి ఎగతాళి చేసినవాళ్ళు ఉన్నారు. సైకిలు నేర్పడం చదువులో భాగమే అని ఆ ఉద్యమం గుర్తించింది. అదే కాలంలో, 1992లో, మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షర దీపం పాఠం చదువుకున్న స్త్రీలు సారా దుకాణం మూయించారు. చదువుకు తోడుగా పక్క రాష్ట్రంలో సైకిలు వచ్చింది, మన దగ్గర సారా పోరాటం వచ్చింది. ఆనాడు మనం ఆ రెండోదాన్ని అందుకోలేదు.

2018లో హైదరాబాదు నుంచి జైభారతితో పాటు మొత్తం నలుగురు స్త్రీలు మోటారు సైకిళ్ళ మీద మెకాంగ్ నది దేశాలకు పోయి వచ్చారు. ఆ తర్వాత ఆమె స్త్రీలకు బండ్లు, ఆటోలు నడపడం నేర్పే మోవో సంస్థను నడుపుతున్నారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో ఆదిలక్ష్మి లారీ టైర్లు విప్పి పంక్చర్లు వేస్తున్న సంగతి పత్రికల్లో వచ్చింది. సౌదీ అరేబియాలో 1990లో 47 మంది స్త్రీలు కార్లు నడిపి ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అక్కడ లైసెన్సు హక్కు 2018 జూన్‌లో వచ్చింది. వాళ్ళకు చట్టం అడ్డం వచ్చింది. మనకు అడ్డం వచ్చే చట్టం ఒక్కటీ లేదు. అంటే మన దగ్గర పని సగం అయిపోయినట్టే, మిగిలిన సగం మనం చేయాలి.

సంఘాలు చేయగలిగిన పని

వచ్చే మూడు నెలల్లో ఈ మూడు ఊళ్ళలోని సంఘాలు కొన్ని పనులు చేయవచ్చు. సంఘం లోనుతో బండి కొంటే ఆర్సీ సభ్యురాలి పేరు మీదే ఉండాలని తీర్మానం రాయాలి. నడపడం నేర్చుకోవడం కూడా ఆ తీర్మానంలోనే ఉండాలి, లేకపోతే పేరు ఉరిగా మారుతుంది. ప్రతి సభ్యురాలూ ఇంట్లో ఉన్న బండి ఆర్సీ, బీమా కాగితం ఒకసారి సమావేశానికి తెచ్చి అందరి ముందు చదవాలి. వెనక కూర్చునేవాళ్ళకు రక్షణ ఉందో లేదో అక్కడే తేలుతుంది. పెళ్ళయ్యాక ఇల్లు మారిన స్త్రీలకు ఆధార్‌లో చిరునామా మార్పించాలి, కాగితాల దగ్గర ఆగిపోయేది చాలామంది అక్కడే. గేరు బండి లైసెన్సు కోసం రవాణా శాఖ అధికారులను అడిగి ఒక రోజు స్త్రీలకు ప్రత్యేకంగా పెట్టించాలి. హైస్కూలు మైదానంలో ఆదివారం పూట, నేర్చుకున్న స్త్రీయే ఇంకొక స్త్రీకి నేర్పాలి. ఊళ్ళో ఒక మంచి మెకానిక్కును పిలిపించి నెలకొక పూట ప్లగ్గు, చైను, బ్రేకు పాఠం చెప్పించాలి, అతని కూలి అతనికి ఇవ్వాలి. షోరూముకు పోయేటప్పుడు అన్ననో బావనో కాకుండా బండి నడిపే ఇంకొక స్త్రీని తోడు తీసుకుపోవాలి.

వీటిలో దేనికీ పెద్ద నిధులు అక్కర లేదు, ఏ దాతా అక్కర లేదు. ఈ నెల సమావేశం అజెండాలో ఒక అంశంగా చేర్చితే చాలు. అప్పుల జాబితా చదివాక, ఆ అప్పుతో వచ్చిన బండ్ల జాబితా కూడా చదవండి. ఎన్ని బండ్లు, ఎవరి పేరు మీద ఉన్నాయి, ఎవరు నడుపుతున్నారు అని మూడు వరుసలు గీసి రాయండి. ఆ కాగితం చూశాక ఏం చేయాలో సభ్యులకు ఎవరూ చెప్పనక్కర ఉండదు.